పక్కింటి అక్క డబ్బులిస్తే తీసుకోవడం లేదు, ఏం చేయాలి?

బెంగళూరులో కర్నూలు పిల్ల:
మా అమ్మ కర్నూలు పాతబస్తీలో ఒక్కతే ఉంటుంది. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు. నా దగ్గరికి రమ్మంటే "ఆ ఫ్లాట్లో తలుపేసుకుని కూర్చోవడం నా వల్ల కాదమ్మా" అంటుంది. నిజానికి ఆమెను చూసుకుంటున్నది పక్కింటి అక్క. పొద్దెక్కినా పాలప్యాకెట్ సంచి గేటుకే వేలాడుతుంటే వచ్చి తలుపు కొడుతుంది. జొన్నరొట్టెలు చేసిన రోజు అమ్మకు రెండు పల్చగా తట్టి, నమల్లేదని పాలల్లో నానబెట్టి మరీ ఇస్తుంది. పోయేముందు మాత్రల డబ్బా మూత తీసి, రాత్రి గడి ఖాళీ అయిందో లేదో చూసి పోతుంది.

వాళ్ళాయన ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లల చదువులు. నెలనెలా కొంత పంపుతానంటే ముఖం మాడ్చుకుంది. "నన్ను పనిమనిషిని చేస్తున్నావా?" అంది. ఊరికే చేయించుకోవాలంటే నాకు మనసొప్పడం లేదు. ఏం చేస్తే బాగుంటుంది?

కడప కారం:
డబ్బు మాట ఇంక ఎత్తొద్దమ్మా. ఇవ్వాలంటే ఒక వరస ఉండాల. మా దేవుని కడపలో ఉగాది రోజు ముస్లింలు వెంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి అల్లుడు. వరస కలిసింది కాబట్టి ఎవరికీ మొహమాటం లేదు. మీరూ ఆమెను అక్కా అనే పిలుస్తున్నారు కదా, ఆ పిల్లలకు చిన్నమ్మ చేయాల్సింది చేయండి.

అనంతపురం మాస్టారు:
అది సరే గానీ, బరువంతా ఒక్క మనిషి మీద పెట్టొద్దు. ఆ అక్కకే జ్వరమొస్తే? పుట్టింటికి పోతే? అంట్లకూ బట్టలకూ జీతమిచ్చి వేరే ఎవరినైనా పెట్టుకోండి, ఆ పనులు ప్రేమతోనే చేయాలని ఏమీ లేదు. అమ్మ ఫోన్లో 14567 పెట్టండి, పెద్దవాళ్ళ కోసం ఉన్న ఉచిత హెల్ప్‌లైన్ అది.

అమ్మను మాత్రం కదిలించొద్దు. హార్వర్డ్ వాళ్ళు 1938లో మొదలుపెట్టిన ఒక పరిశోధన ఇంకా నడుస్తోంది. యాభై ఏళ్ళప్పుడు తమవాళ్ళతో సంతోషంగా ఉన్నవాళ్ళే ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని తేలింది. అప్పటి కొలెస్ట్రాల్ లెక్క కూడా ఆ సంగతి అంత బాగా చెప్పలేకపోయింది. మొదట తీసుకున్నవాళ్ళంతా బోస్టన్ వైపు మగవాళ్ళే, కాబట్టి మన ఆడవాళ్ళకు అచ్చం అలాగే వర్తిస్తుందని నేననను. అయినా బెంగళూరులో మంచి డాక్టరు దొరుకుతాడేమో, పాలప్యాకెట్ చూసి తలుపు కొట్టే మనిషి దొరకదు.

ఉగ్గాని బజ్జి:
ఇంత దగ్గరితనం ఎట్లా కుదిరింది? మా అపార్ట్‌మెంట్లో ఎదురింటి వాళ్ళ పేరే తెలీదు.

బెంగళూరులో కర్నూలు పిల్ల:
2009 వరద. అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చేశాయి. వాళ్ళది రేకుల ఇల్లు, మాది మిద్దె. అక్క చంటిబిడ్డను చంకనేసుకుని మా పైకి ఎక్కింది. అమ్మ ఇంట్లో ఉన్న బొరుగులు, శెనక్కాయలు అందరికీ పంచింది. నీళ్ళు తీశాక రెండిళ్ళ బురదా ఇద్దరూ కలిసే ఎత్తిపోశారు. అమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తదు, అక్కే చెప్తుంటుంది. ఆ చంటిబిడ్డ ఇప్పుడు ఇంటర్. ఫీజు నేను కడతానంటే ఒప్పుకుంటారా?

కడప కారం:
మీరు అడగొద్దు, మీ అమ్మతో అనిపించండి. "నా మనవరాలి ఫీజు నా కూతురు కడుతుంది" అని పెద్దామె అంటే కాదనరు. పండక్కి నూలుచీర చాలు. ధర్మవరం పట్టు పెట్టారంటే, తిరిగి ఏం పెట్టాలా అని వాళ్ళకు టెన్షన్.

బెంగళూరులో కర్నూలు పిల్ల:
అమ్మతో మాట్లాడాను. "నువ్వు చెప్పాల్నా? పోయినేడు పుస్తకాలు నేనే కొనిచ్చినా" అంది. నాతో ఒక్క మాటైనా అనలేదు చూడండి! ఫీజు సంగతి తనే మాట్లాడతానంది. అంట్లకు మనిషిని వెతుకుతున్నాం, పాతబస్తీ వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి.