చెంచు పెంటల్లో సరుకులు పంచాలంటే ఏం తీసుకెళ్లాలి?

ప్రశ్న: నల్లమలలో అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో (అడవిలోని చిన్న గూడేల్లో) వానలు పడేలోపు ఓ యాభై కుటుంబాలకు సరుకులు ఇద్దామనుకుంటున్నాం. ఇంటికో బియ్యం బస్తా ఇస్తే సరిపోతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: అందరికీ బియ్యం వద్దండి. అంత్యోదయ కార్డు (నిరుపేదలకిచ్చే రేషన్ కార్డు) ఉన్న ఇంటికి నెలకు 35 కిలోలు వస్తాయి, లోటంతా అన్నంలోకి ఏమీ లేకపోవడమే. కందిపప్పు, ఉప్పు, కారం, పల్లీలు, బెల్లం ఇవ్వండి, నూనె మాత్రం మరవద్దు, చాలా ఇళ్లలో ముందు అయిపోయేది అదే.

జవాబు: నిజమే గానీ కార్డు లేనివాళ్లు, కొత్తగా పెళ్లయి వేరుపడ్డ జంటలు ఉంటారు, వాళ్లకు బియ్యమే ముందు. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో చెప్తారు. దయచేసి చేతిలో సంచి పెట్టి ఫొటోలు తీయకండి, అవి చూస్తే కడుపు రగిలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, ఫొటోలు తీయం. సరుకులు హైదరాబాద్ నుంచే తేవాలా?

జవాబు: అచ్చంపేటలో కొనండి, బండి ఖర్చు మిగులుతుంది. లోపలి పెంటలు టైగర్ రిజర్వ్‌లో ఉన్నాయి కాబట్టి అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి, ప్లాస్టిక్ కవర్లకు బదులు గుడ్డ సంచులు వాడండి.