నీట్ పీజీలో ఎండీ ఫోరెన్సిక్ తీసుకోవచ్చా? ‘పరిశీలన’ అంటే అసలు ఏం చూడాలి?

హౌస్‌సర్జన్_కాకినాడ
నా ర్యాంకుకి ఫోరెన్సిక్ మెడిసిన్ వచ్చేలా ఉంది. ఇంట్లో వాళ్లు ‘శవాల డాక్టరా’ అని మొహం చిట్లిస్తున్నారు. మూడు సంగతులు చెప్పండి: ఉద్యోగాలు, జీతం ఎలా ఉంటాయి? పరిశీలన ఎలా అలవడుతుంది? అమెరికా వెళ్లాలంటే పనికొస్తుందా?

మార్చురీ_మాస్టారు
రెండోదే చెప్తాను. పరిశీలనంటే డేగకళ్లు కాదు బాబూ, వరుస తప్పకపోవడం. ముందు శవ పంచనామా, పోలీసుల రిక్విజిషన్ (పోస్టుమార్టం చెయ్యమని ఇచ్చే లేఖ) చదవాలి. ఆ తర్వాత బట్టలు ఉన్నవి ఉన్నట్టుగా చూడాలి. చిరుగులు, మరకలు, ఊడిన గుండీలు రాసుకునేదాకా ఏదీ విప్పకూడదు, కడగకూడదు. మెడకి ఉరి ఉంటే ముడి దగ్గర కత్తెర పెట్టొద్దు. ముడికి ఎదురువైపు కోసి, తెగిన రెండు కొసల్నీ దారంతో కట్టాలి. ముడి పోతే ఎవరు ఎలా కట్టారో చెప్పే ఆధారం పోయినట్టే.

గాయం దగ్గరికొస్తే పొడవు, వెడల్పు, లోతుతోపాటు కదలని ఎముక గుర్తు నుంచి దూరం, మడమ నుంచి ఎత్తు రాయాలి. ఫొటోలో స్కేలుండాలి, కెమెరా గాయానికి నిటారుగా ఉండాలి. వాలుగా తీస్తే 3 సెంటీమీటర్లది 2లా కనిపిస్తుంది.

ఎమ్మెస్సీ_ఫోరెన్సిక్
ఈ సందులో ఒక మాట. ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ చదివితే పోస్టుమార్టం చేస్తారనుకునే ఇంటర్ పిల్లలకి దయచేసి ఎవరైనా చెప్పండి. అది డాక్టరు పని. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ వేరు, ల్యాబులో డీఎన్‌ఏ, విషాలు, బుల్లెట్లు చూసే మా దారి వేరు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ కేంద్రం), సీఎఫ్‌ఎస్‌ఎల్ (కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబు), రాష్ట్ర ఎఫ్‌ఎస్‌ఎల్ అన్నీ ఉన్నా నోటిఫికేషన్ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. దాని గురించి ఏ థ్రెడ్‌లోనూ ఒక్కడూ మాట్లాడడు.

హౌస్‌సర్జన్_కాకినాడ
సార్, జీతం...

గొంతుకోత_గురు
మాస్టారూ, మెడ సగంలో వదిలేశారు. గొంతు ఎప్పుడూ ఆఖర్న. ముందు తల తెరిచి మెదడు తియ్యాలి, ఛాతీ, పొట్ట ఖాళీ చెయ్యాలి. మెడలో నెత్తురంతా కారిపోయాక అప్పుడు పొరపొరగా విప్పాలి. ముందే మెడలో కత్తి పెడితే తెగిన సిరల నెత్తురు కండరాల్లోకి ఇంకి, గొంతు నులిమినట్టు కనిపిస్తుంది. ఆ తప్పుకి పుస్తకాల్లో పేరు కూడా ఉంది, ప్రిన్స్లూ-గోర్డన్ ఆర్టిఫ్యాక్ట్ అని. నాలుకని పట్టుకుని బలంగా లాగితే నాలుక కింది హయాయిడ్ ఎముక మన చేతిలోనే విరుగుతుంది. విరిగినచోట నెత్తురు చిమ్మిందా లేదా అన్నదొక్కటే తేడా చెప్తుంది.

ఉరికి మచ్చ ఏటవాలుగా, థైరాయిడ్ కార్టిలేజ్‌కి (గొంతుముడికి) పైన, ముడి దగ్గర తెగి ఉంటుంది. తాడుతో బిగిస్తే అడ్డంగా, కింద, చుట్టూ పూర్తిగా ఉంటుంది. పరీక్షకి ఇది చాలు. బల్ల మీద మాత్రం సగం కేసులు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి.

చీమల_చిట్టి
ఇంకోటి, చీమలు. చంకల్లో, మడతల్లో, పెదవుల చుట్టూ గోధుమరంగు గీకుళ్లు కనిపిస్తే ‘పెనుగులాట గాయాలు’ అని రాసేస్తారు కొత్తవాళ్లు. అంచు ఎగుడుదిగుడుగా ఉండి, కింద నెత్తురు ఇంకకపోతే చచ్చాక చీమలు కొరికినవే. భూతద్దం పెట్టండి. తలమీద గాయం కత్తిగాటులా నున్నగా కనిపించినా అంతే. లోపల అడ్డంగా కణజాలం పోగులు, నలిగిన వెంట్రుక కుదుళ్లు ఉంటే అది మొద్దు దెబ్బకి చిట్లిన గాయం.

ఎఫ్‌ఎస్‌ఎల్_విసుగు
చూపు సంగతి సరే. మీరు పంపే సీసాల సంగతి ఎవరు చూస్తరు? విసెరాని (విషపరీక్షకి తీసిన లోపలి అవయవాల్ని) ఫార్మలిన్‌లో పంపుతరు, ఇగ మేం ఏం పరీక్ష చెయ్యాలె? పొట్ట మొత్తం లోపలిదానితో సహా, చిన్నపేగు పై భాగం 30 సెంటీమీటర్లు ఒక సీసాల. లివర్ 200–300 గ్రాములు, రెండు కిడ్నీలల్ల సగం సగం ఇంకో సీసాల. లివర్‌ని ముద్దలెక్క పడేస్తే, కుళ్లకుండ సీసాల పోసే సంతృప్త ఉప్పునీళ్లు లోపలికి పోవు, నడుమ కుళ్లుతది. ముక్కలు చెయ్యాలె. సీసా మూడింట రెండొంతులే నింపాలె, లేకుంటే గ్యాస్‌కి మూత లేస్తది. కలిపిన ఉప్పునీళ్ల శాంపిల్ వేరుగ పంపాలె.

ఏరియా_ఆస్పత్రి
అన్నా, నాలుగు చెంచాల ఉప్పు నీళ్లలో వేసి పంపితే ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అనలేదు.

ఎఫ్‌ఎస్‌ఎల్_విసుగు
నాలుగు చెంచాలంటే పప్పుచారా సార్? సంతృప్త ద్రావణమంటే లీటరుకి దగ్గరదగ్గర 360 గ్రాములు. ఎంత కలిపినా అడుగున కరగని ఉప్పు మిగలాలె, అప్పుడే సంతృప్తం.

ఏరియా_ఆస్పత్రి
ఉప్పు ప్యాకెట్ కూడా చేతి డబ్బుతో కొనే చోట గ్రాములు లెక్కపెట్టమంటున్నారు. ఏసీ ల్యాబులో కూర్చుని చెప్పడం తేలిక.

ఎఫ్‌ఎస్‌ఎల్_విసుగు
ఏసీ? మా దిక్కు వచ్చి ఆ సీసాలు తెరిచినప్పుడు వాసన చూడుండ్రి.

చీమల_చిట్టి
ఆవకాయకి ఉప్పు తగ్గితే బూజు పడుతుందని మనింట్లో అమ్మమ్మలకి తెలుసు. ఎంబీబీఎస్‌లకి తెలీదు 🙂

టాక్సికాలజీ_తాత
ఉప్పు అన్ని కేసులకీ కాదు నాయనా. సల్ఫ్యూరిక్‌లాంటి ఆమ్లం తాగిన కేసులో రెక్టిఫైడ్ స్పిరిట్ (గాఢమైన ఆల్కహాల్) వాడాలి. అదే సారా, ఫినాల్, భాస్వరం అనుమానముంటే స్పిరిట్ ముట్టకూడదు. సారా కేసులో రక్తం తీసేచోట చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచినా ఫలితం చెడినట్టే. రక్తం గుండెలోంచి కాదు, తొడసిర నుంచి తీయండి. చచ్చాక కాలేయం, ఊపిరితిత్తుల్లోంచి మందులు గుండె రక్తంలోకి జారి లెక్క పెరుగుతుంది. రక్తం మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ కలపాలి. అది లేకపోతే సూక్ష్మజీవులు సీసాలోనే సారా తయారుచేస్తాయి.

సల్ఫాస్ మాత్రల (అల్యూమినియం ఫాస్ఫైడ్, కడుపులో ఫాస్ఫీన్ అనే విషవాయువు వదిలేది) కేసులో ఇంకో సూక్ష్మం. కడుపులోది 5 మిల్లీలీటర్లు, నీళ్లు 15 కలిపి వేడిచేసి పైన సిల్వర్ నైట్రేట్ కాగితం పెడితే నల్లబడుతుంది. కానీ కుళ్లిన శవంలోని హైడ్రోజన్ సల్ఫైడ్‌కీ అది నల్లబడుతుంది. పక్కన లెడ్ అసిటేట్ కాగితం కూడా పెట్టండి. రెండూ నల్లబడితే ఫాస్ఫీన్ అని తేల్చెయ్యొద్దు, సిల్వర్‌ది ఒక్కటే నల్లబడితేనే ఆ మాట. గాలి ఆడని గదిలో ఆ పొట్ట కొయ్యొద్దు.

సింహం_సింగిల్‌గా
ఇవన్నీ చాదస్తం. అనుభవం ఉన్నవాడు బిగుసుకున్న చెయ్యి పట్టుకుని చనిపోయిన టైము గంట అటూఇటూగా చెప్పేస్తాడు. నేను చెప్పగలను.

మార్చురీ_మాస్టారు
చెప్పలేరు. మే నెలలో రామగుండంలో బిగుసుకోవడం గంటన్నరలో మొదలై ఒక రోజులోనే వదిలేయొచ్చు. డిసెంబరులో అరకులో ఆ లెక్కే వేరు. మూర్ఛలతో పోయినవాడికి, పరిగెత్తుతూ పోయినవాడికి ఇంకా త్వరగా వస్తుంది. పైగా ఇప్పుడు ప్రతి ఊళ్లో ఫ్రీజర్ బాక్స్ అద్దెకి దొరుకుతోంది. శవాన్ని అందులో పెట్టారా, ఎన్ని గంటలు పెట్టారు అని అడక్కుండా టైము చెప్పినవాడు జ్యోతిష్కుడు, డాక్టరు కాదు. చచ్చాక చర్మం కింద చేరిన నెత్తుటి మచ్చలు చలికి గులాబీరంగుకి తిరుగుతాయి. అది చూసి కార్బన్ మోనాక్సైడ్ విషమని రాసేస్తారు మీలాంటివాళ్లు.

సింహం_సింగిల్‌గా
‘మీలాంటివాళ్లు’ అంటే ఏంటండీ? మాట జాగ్రత్త.

కోర్టుపక్షి
కొట్లాట తర్వాత. క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయరు మొదట పట్టేది ఇదే. ‘చనిపోయి 6 నుంచి 12 గంటలు’ అని రాస్తే నిలబడొచ్చు, ‘రాత్రి 9:30’ అని రాస్తే అక్కడే అయిపోయారు. అవయవాల ఎదురుగా ‘నార్మల్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయడం ఇంకో జాడ్యం. బరువు, కోస్తే లోపల రంగు, ఏమేం కనిపించలేదు అన్నీ రాయండి. విసెరా పంపినప్పుడు ‘రసాయన పరీక్ష నివేదిక వచ్చేవరకు అభిప్రాయం నిలిపి ఉంచడమైనది’ అనాలి, ‘విషం వల్ల’ అని ముందే కాదు. శవ పంచనామాకి పాత సీఆర్‌పీసీ 174 బదులు 2024 జులై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194. ఇంకా పాత నంబరే రాసేవాళ్లున్నారు.

డల్లాస్_డాక్టరమ్మ
మూడో ప్రశ్న ఎవరూ తియ్యలేదు. ఇక్కడ ఫోరెన్సిక్ పెథాలజీ అంటే ముందు యూఎస్‌ఎంఎల్‌ఈ (ఇక్కడి లైసెన్సు పరీక్ష), తర్వాత అనటామిక్ పెథాలజీ (కణజాల పరీక్ష) రెసిడెన్సీ మూడేళ్లు, క్లినికల్ పెథాలజీ (రక్తం, ల్యాబు పరీక్షలు) కూడా కలిపితే నాలుగు, ఆపైన ఒక ఏడాది ఫెలోషిప్. ఇండియాలో ఎండీ ఫోరెన్సిక్ ఉన్నా రెసిడెన్సీ మళ్లీ మొదటినుంచే. ఇటువైపు ఆశ ఉంటే అక్కడ ఎండీ పెథాలజీ తీసుకుని స్లైడ్లు చదవడం నేర్చుకోండి, అదే ఎక్కువ పనికొస్తుంది.

హౌస్‌సర్జన్_కాకినాడ
థాంక్స్ మేడమ్. జీతం గురించి...?

మార్చురీ_మాస్టారు
మెడికల్ కాలేజీ ఉన్న ప్రతిచోటా ఈ డిపార్ట్‌మెంట్ ఉండి తీరాలి, కాబట్టి టీచింగ్ పోస్టు దొరుకుతుంది. సీనియర్ రెసిడెన్సీ చేసి అసిస్టెంట్ ప్రొఫెసర్. ప్రైవేటు ప్రాక్టీసు ఉండదు. సమన్లు మాత్రం బదిలీ అయిన ఊరికి కూడా వెంటాడి వస్తాయి.

ఏరియా_ఆస్పత్రి
ఉప్పు సంగతి తేలలేదు. 360 గ్రాములు సరే, వేసవిలో కూడా అంతేనా?

ఎఫ్‌ఎస్‌ఎల్_విసుగు
వేడికి ఉప్పు కరిగేది పెద్దగ మారదు. అడుగున మిగిలిందా లేదా అదే చూడు. ఇంకోటి సార్, లక్క సీలు వేసినంక దాని నమూనా ముద్ర కాగితం మీద విడిగ పంపుండ్రి. లేకుంటే డబ్బా వాపసు.