కోరంగి మడ అడవి: కాకినాడ ఎదుగుదలకు అండా, అడ్డంకా?

తాళ్లరేవు రైతు:
1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరంగి మడ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడను ఆనుకుని ఇంత నేల కదలకుండా ఉంటే మా పిల్లలకు పని ఎక్కడ దొరుకుతుంది? రక్షిత అడవుల చుట్టూ కనీసం కిలోమీటరు మేర పర్యావరణ సున్నిత మండలం, అంటే కట్టడాలు, పనుల మీద ఆంక్షలుండే నేల, ఉండాలని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పిన నాటి నుంచి నా రొయ్యల చెరువు బేరానికి వచ్చిన వారు లేరు. మరుసటి ఏడాది ఆ ఆదేశాన్ని సడలించినా పోయిన బేరం తిరిగి రాలేదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ:
మీ నష్టాన్ని కాదనను. అయితే ఆ నేల ఊరకే పడి లేదు. సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు వేళ పాయ ఒడ్డున నిలబడి చూడండి: తెల్లమడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా శ్వాసవేళ్లు లేచి ఉంటాయి, ఆకును నాలుకకు ఆనిస్తే ఉప్పు తగులుతుంది. ఆ వేళ్ల మధ్యనే రొయ్యపిల్లలు, మండపీతలు పెరుగుతాయి, అలల ఉరవడి తగ్గుతుంది, ఒండ్రు నిలుస్తుంది. 1839 ఉప్పెనలో కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయిన తీరంలోనే మనం నివసిస్తున్నాం. రేవు, కర్మాగారాలు, ఇళ్లు అన్నీ తీరం మీదే కట్టుకున్న నగరానికి ఈ అడవి కూడా రోడ్డు, కాలువల వంటి ఆస్తే.

జగన్నాథపురం వాసి:
అడవి వల్ల లాభం తెలియాలంటే, ఆదివారం అడవిలోని చెక్కవంతెన చూడటానికి వచ్చి ఆగే బండ్లను చూస్తే చాలదా?

తాళ్లరేవు రైతు:
ఆ టికెట్ల సొమ్ములో మా ఊరికి ఎంత వచ్చిందో చెప్పండి. మిగతాది తరువాత మాట్లాడుకుందాం.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ:
అడవి విలువను టికెట్లతో కొలవడమే పొరపాటు. నేను ఉప్పెన గురించి మాట్లాడుతున్నాను.

తాళ్లరేవు రైతు:
నేను అడిగింది టికెట్ల గురించి. నగరంలో మేడ మీద కూర్చుని మా పొలాల గట్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించడం మీకు సులువు.

భైరవపాలెం మత్స్యకార గ్రామవాసి:
పెద్దలిద్దరూ మన్నించాలి. 1996 నవంబరు తుఫాను రాత్రి మా నాన్న దోనెను పాయలో మడచెట్టుకు కట్టి మమ్మల్ని బతికించాడు. కొన్నేళ్ల తరువాత అదే పాయలో వల వేశాడని ఆ దోనెను మూడు వారాలు పట్టి ఉంచారు. పోటునీరు అందక చెట్లు లేని ఉప్పు పర్రగా మారిన చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి మడను మళ్లీ పెంచినప్పుడు, ఆ కాలువల్లో నడుములోతు బురదలో దిగినది మా వాళ్లే. అడవి ఉండాలి, దాన్ని నరికి చెరువులు తవ్వడానికి మేము ఒప్పుకోము. కాని నగరానికి నీడ, చెరువుకు ధర, మాకు నిషేధమా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ:
ఈ మాట నేను ముందే అనవలసింది. అయినా అన్ని పాయలూ వలలకు వదిలితే చేపపిల్ల మిగులుతుందా?

భైరవపాలెం మత్స్యకార గ్రామవాసి:
ఏ పాయలో ఏ నెలలో వేట ఆపి మూయాలో మాకు తెలుసు. ఆ నిర్ణయం చేసే సమావేశానికి మమ్మల్ని పిలవండి, మూసిన పాయకు మేమే కాపలా ఉంటాం.

తాళ్లరేవు రైతు:
ఆ సమావేశంలో చెరువుల రైతుకూ చోటు ఉండాలి.

భైరవపాలెం మత్స్యకార గ్రామవాసి:
ఉండనివ్వండి. మీ చెరువు నీటిని పాయలోకి ఎప్పుడు వదులుతున్నారో ముందు అక్కడ చెప్పాలి.