లెట్యూస్ కోతకు జపాన్ వెళ్లే పిల్లల ఒప్పందం ఎవరైనా చూసి చెప్పగలరా?

పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలు కొందరు నగానోలోని కవాకామికి ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్నారు. వెయ్యి మీటర్ల పైన ఉన్న లెట్యూస్ పల్లె అది. జీతం ఇస్తారు కాబట్టి కాలేజీతో ఒప్పందం, క్రెడిట్లు ఇస్తామన్న కాగితం ఉండాలి. గడువు ఏడాదికి మించదు. అంతవరకు స్పష్టమే.

బెంగంతా కూలి లెక్క మీద. ఎండెక్కితే ఆకు వడలిపోతుంది, అందుకే వేసవిలో అర్ధరాత్రి దాటాక లైట్ల వెలుగులోనే కోత మొదలవుతుంది. అక్కడి కార్మిక చట్టంలో సేద్యానికి ఓవర్‌టైమ్ అదనం వర్తించదు. కానీ రాత్రి 10 నుంచి తెల్లవారి 5 దాకా చేసిన గంటలకు 25 శాతం ఎక్కువ ఇవ్వాల్సిందే. ఏజెంటు పంపిన ముసాయిదాలో గంటకు ఒకే రేటు ఉంది. గది అద్దె, కరెంటు జీతంలోంచి పట్టుకుంటామన్నారు గానీ ఎంతో రాయలేదు. పిల్లలు మోసపోకూడదు.

అక్కడ చేసొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి: పే స్లిప్‌లో రాత్రి గంటలు విడిగా చూపిస్తారా? వానకు కోత ఆగిన రోజు కూలి సంగతేంటి? అద్దె నెలకెంత పట్టుకున్నారు? ఒడియాలో ఉన్న పత్రాలకు జపనీస్ అనువాదం బరంపురంలో గానీ విశాఖలో గానీ ఎక్కడ చేయిస్తున్నారు?