నెట్ సెంటర్ కంప్యూటర్లో జనం ఆధార్లు, పాస్‌పోర్టులు దాచి ఉంచడం తప్పా?

రాజోలు_జిరాక్స్:
రాజోలు దగ్గర మాది చిన్న జిరాక్స్, నెట్ సెంటరండి, పెట్టి ఆరేళ్లయింది. మా వైపు సంగతి తెలిసిందే కదా, ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు, అంచేత పాస్‌పోర్ట్ అప్లికేషన్లే ఎక్కువ. మొన్న శనివారం ఒకాయన వచ్చాడు, గల్ఫ్ పంపిస్తానని తిరిగే మనిషి. షాపులో ఎవరూ లేకుండా చూసి, ఈ రెండేళ్లలో మీ దగ్గర పాస్‌పోర్ట్ పెట్టిన ఆడాళ్ల ఫోన్ నెంబర్లు, ఊళ్ల పేర్లు ఇవ్వండి, పేరుకింత అని డబ్బులిస్తా అన్నాడు. కుదరదని పంపేశాను.

కానీ ఆ రాత్రి షట్టర్ వేసేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే నాకే భయమేసింది. వాట్సాప్‌లో వచ్చినవి, స్కాన్ చేసినవి వేలల్లో ఉన్నాయి. ఒకావిడ ఆధార్, టెన్త్ మార్కుల లిస్టు, బ్యాంక్ పుస్తకం మొదటి పేజీ, తెల్ల కాగితం మీద సంతకం, నాలుగూ వరసగా. ఆవిడ నా దగ్గరికొచ్చింది 2021లో. కావాలనే ఉంచానండి, పెద్దాళ్లు వచ్చి "బాబూ, నా ఆధార్ నీ దగ్గరుంది కదా, ఇంకో కాపీ తియ్యి" అంటారు, లేదంటే మళ్లీ ఇంటికెళ్లి తెచ్చుకోవాలి పాపం. అమ్మడం తప్పని తెలుసు. ఉంచుకోవడం కూడా తప్పేనా? పనిచేసే కుర్రాడూ అదే కంప్యూటర్ వాడతాడు, పాస్‌వర్డ్ కూడా లేదు.

మండపేట_కుర్రోడు:
అన్నా, ముందు ఆయనకి ఇవ్వనందుకు దండం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్నా, ఒక్క సంగతి చెప్తా చూడు. ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా భయం లేదనుకుంటారు, ఆ పాస్‌వర్డ్ ఏంటి, పేరులో మొదటి 4 ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ పేరూ సంవత్సరమూ పక్కనున్న టెన్త్ మార్కుల లిస్టులోనే ఉన్నాయి. అంటే తాళమూ తాళంచెవీ ఒకే గూట్లో పెట్టినట్టే. ఇంకోటి, డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చేవాళ్లున్నారు, అందుకని పాత కంప్యూటర్ అమ్మేటప్పుడు హార్డ్‌డిస్క్ తీసి నీ దగ్గరే పెట్టుకో. పెద్ద జిరాక్స్ మెషీన్లలో చాలావాటికి లోపల హార్డ్‌డిస్క్ ఉంటుంది, సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేవాళ్లు అది చూసుకోరు.

భీమవరం_వకీలు:
చట్టం సంగతి చెప్తానండి. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 72ఎ అని ఉంది, 2008 సవరణలో చేర్చారు. పని నిమిత్తం మీ చేతికొచ్చిన సొంత వివరాల్ని వాళ్ల ఒప్పుకోలు లేకుండా డబ్బు కోసం ఇంకొకళ్లకి ఇస్తే మూడేళ్ల దాకా జైలు. ఇక ఉంచుకోవడం గురించి మీరడిగినదానికి 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ఉంది. ఏ పనికని తీసుకున్నారో ఆ పనికే వాడాలి, అయిపోయాక చెరిపెయ్యాలి. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి 18 నెలలు గడువిచ్చారు. చిన్న షాపు కదా అని వదిలెయ్యరు.

ఆ మనిషి అడిగిన లిస్టు గురించి కూడా ఆలోచించండి. ఎవరు టెన్త్ పాసవ్వలేదో, వయసెంతో, భర్త ఉన్నాడో లేడో ఆ కాగితాల్లో తెలిసిపోతుంది. టెన్త్ లేనివాళ్లది మామూలుగా ఇసిఆర్ పాస్‌పోర్ట్, అంటే గల్ఫ్ లాంటి చోట్లకి పనికెళ్లాలంటే ముందు ప్రభుత్వం అనుమతి కావాల్సినది, 30 ఏళ్లు నిండని ఆడవాళ్లని దాని మీద గల్ఫ్‌లో ఇంటిపనికి పంపకూడదు. అందుకే విజిట్ వీసా మీద దాటించేస్తారు. ఆయన రిజిస్టర్ అయిన ఏజెంటో కాదో ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్లో చూడొచ్చు, రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం. ఆయన ఇంకో షాపుకి వెళ్లకముందే పోలీసులకి చెప్పండి.

లంక_అమ్మాయి:
నాకు జరిగింది చెప్తానండి. ఎక్కడో జిరాక్స్‌కిచ్చిన ఆధార్ అనుకుంటున్నా, మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో చూపించే ప్రభుత్వం సంచార్ సాథీ సైట్లో చూసుకుంటే నా పేరు మీద నాది కాని సిమ్ములు రెండున్నాయి. నావి కాదని అక్కడే రిపోర్ట్ కొట్టాను, తర్వాత ఆగిపోయాయి, కానీ ఆ రెండు నెంబర్లతో ఎవరెవరికి ఫోన్లు చేశారో అని నెలరోజులు నిద్ర పట్టలేదు. ఇంటికి కొత్త నెంబర్ నుంచి ఫోనొస్తే మా నాన్నగారి చెయ్యి వణికేది. మీరు దాచింది మంచికే అయ్యుండొచ్చు, నా కాగితం దాచినాయన కూడా అలాగే అనుకున్నాడేమో.

పాలకొల్లు_నెట్:
నేనూ ఇదే పనిలో ఉన్నాను, మరీ అంత భయపెట్టకండి. అన్నీ తీసేస్తే కస్టమర్ పక్క షాపుకి పోతాడు, ఆడికి ఓపికుండదు. నేనైతే మొదటి 8 అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ చాలే చోట అదే ప్రింట్ తీస్తున్నా, మిగతావి వారం ఉంచి ఆదివారం తీసేస్తాను. ఫోనున్నవాళ్లకి డిజిలాకర్, అదే కాగితాలు ఫోన్లోనే ఉంచుకునే ప్రభుత్వ యాప్, పెట్టిస్తే మళ్లీ మన దగ్గరికి రానక్కర్లేదు, నా ప్రింట్ డబ్బులు కొంచెం పోతాయి, పోనివ్వండి.

రాజోలు_జిరాక్స్:
అందరికీ థాంక్సండి. లంక అమ్మాయిగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఫోల్డర్ మొత్తం తీసేశాను, పాస్‌వర్డ్ పెట్టాను, వాట్సాప్ వెబ్ రోజూ రాత్రి లాగౌట్ చేస్తున్నాను. స్టేషన్‌కెళ్లి ఆయన సంగతి చెప్పొచ్చాను, రాసుకున్నారు. నిన్న ఒక మామ్మగారొచ్చి కాపీ అడిగితే తీసేశానండి అన్నాను, చిన్నబుచ్చుకున్నారు. మధ్యాహ్నం ఎండలో మళ్లీ ఇంటికెళ్లి కార్డు తెచ్చారు. ప్రింట్ తీసి, డబ్బులు తీసుకోకుండా, ఆవిడ ఫోన్‌తోనే ఫోటో తీసి కువైట్‌లో ఉన్న వాళ్లమ్మాయికి పంపించాను, ఈసారి కావాలంటే అక్కణ్ణుంచి తెప్పించుకోవచ్చని చెప్పాను.

ఇంకొక్కటి మిగిలిపోయిందండి. రద్దీ ఉన్న రోజుల్లో కొందరు మా కుర్రాడి సొంత నెంబర్‌కి పంపేవాళ్లు, అవన్నీ ఇంకా వాడి ఫోన్లోనే ఉన్నాయి. వాడు మంచోడే, నాకు అనుమానం లేదు, కానీ ఫోన్ ఇలా ఇవ్వరా అని ఎలా అడగాలో తెలీట్లేదు. ఎవరన్నా ఇలాంటిది చేసుంటే చెప్పండి.