కమోలిలో పది రోజులు: ఇల్లు ఎక్కడ, ఏ నెల, శాకాహారం మాటేంటి?

నెమ్మది_నడక:
ఇటలీలో లిగూరియా తీరాన ఒకే ఊళ్లో పది రోజులు కదలకుండా ఉండాలని ఆలోచన. నలుగురం, కారు తీసుకోం. ఇద్దరికి 65 దాటాయి, ఒకరికి మోకాళ్ల నొప్పులు. ముందు అదే తీరంలోని వెర్నాత్సా ఊరు అనుకున్నాం, కమోలి నయం అంటున్నారు. అద్దె ఇల్లు తీసుకునేటప్పుడు ఏం అడగాలి? మే మంచిదా, సెప్టెంబరా? సాన్ ఫ్రుత్తువోజో మఠానికి కొండ దారిన నడవక తప్పదా? ఇద్దరు చేప కూడా ముట్టరు.

మెట్లలెక్క:
కదలకుండా ఉండాలంటే కమోలే. వెర్నాత్సా అందంగా ఉంటుంది, కాదనను. కానీ పగలంతా రైళ్ల నిండా దిగే జనం మధ్యే బతకాలి. కమోలికీ శని, ఆదివారాల్లో దగ్గరి నగరం జెనోవా నుంచి జనం వస్తారు, మిగతా రోజుల్లో ఊరు ఊరిలా ఉంటుంది.

అసలు సంగతి ఇల్లు. తీరం వెంబడి రంగుల గోడలతో కనిపించే ఆ ఎత్తైన ఇళ్లు వాలు మీద కట్టినవి. చాలావాటికి కింద సముద్రం వైపు వియా గరిబాల్దీ, వెనక పైన వియా దెల్లా రెపుబ్లికా. ఒకే ఇల్లు ఒక వీధి నుంచి రెండో అంతస్తు, ఇంకో వీధి నుంచి ఐదో అంతస్తు అవుతుంది. అందుకని "ఎన్నో అంతస్తు" అని అడిగితే చాలదు. "ఏ వీధి గుమ్మం నుంచి, ఎన్ని మెట్లు, లిఫ్ట్ ఉందా, లిఫ్ట్ దాకా మళ్లీ మెట్లున్నాయా" అని రాయించుకోండి. వాళ్లు "ప్రిమో పియానో" అంటే గ్రౌండ్ ఫ్లోర్ పైనున్నది. స్టేషన్ కూడా ఊరి పైభాగంలోనే, కాబట్టి మోకాళ్ల నొప్పి ఉన్నవారికి పై వీధి గుమ్మమే మేలు. బీచ్‌కి రోజుకొకసారి దిగి ఎక్కడం వేరు, పాల ప్యాకెట్ కోసం మూడుసార్లు ఎక్కడం వేరు. (ఆ గోడల మీది కిటికీల్లో కొన్ని ఉత్త బొమ్మలు, రంగుతో గీసినవి. "సముద్రం వైపు కిటికీ" అన్నప్పుడు ఫొటో అడగడం తప్పు కాదు!)

ఇంకో రెండు. ప్రకటనలో సీఐఎన్ అనే జాతీయ గుర్తింపు సంఖ్య ఉండాలి, లేకపోతే వదిలేయండి. రెండోది కరెంటు: ఇటలీ ఇళ్లలో మామూలుగా 3 కిలోవాట్ల మీటరే. ఏసీ, ఓవెన్, వాషింగ్ మెషీన్ కలిపి నడిపితే మీటర్ ట్రిప్ అవుతుంది. అది ఇంట్లో కాకుండా మెట్ల కింద గదిలో ఉంటే, తాళం ఎవరి దగ్గరుందో మొదటి రోజే తెలుసుకోండి.

అలలు_చూసి:
సెప్టెంబరు. మేలో నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి, వేసవంతా కాగిన సముద్రం సెప్టెంబరులోనే హాయి. మే రెండో ఆదివారం చేపల పండగ, నాలుగు మీటర్ల మూకుట్లో వేయిస్తారు. ఆ వారం ఇల్లు దొరకడమే కష్టం, పైగా మీలో ఇద్దరికి అది అక్కరలేని వాసన. అక్టోబరు దాకా జరపకండి, కుండపోత వానలు ఎక్కువ. ఆరెంజ్ లేదా ఎరుపు వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు కొండ దారుల జోలికి పోకూడదు.

సాన్ ఫ్రుత్తువోజోకి రోడ్డు లేదు. పడవ లేదా నడక, అంతే. కమోలి చిన్న రేవు నుంచి పడవలో అరగంట. 1983లో దోరియా పాంఫిలీ వంశం వారు ఇటలీ వారసత్వ సంస్థ ఎఫ్ఏఐకి అప్పగించిన మఠం అది. అక్కడి నీటిలో సుమారు 17 మీటర్ల లోతున 1954లో దించిన క్రీస్తు విగ్రహం ఉంది. అలలు లేస్తే పడవ ఒడ్డుకు ఆనలేదు, సర్వీసు ఆపేస్తారు. ఆ ప్రయాణాన్ని చివరి రోజుకు పెట్టుకుంటే దెబ్బతింటారు. మొదటి మూడు రోజుల్లో సముద్రం నిలకడగా ఉన్న పొద్దున వెళ్లిపోండి, దిగగానే తిరుగు పడవ వేళ చూసుకోండి. నడిచేవారు కమోలి పైనున్న సాన్ రొక్కో నుంచి కొండ మీది పియెత్రె స్త్రెత్తె మీదుగా వెళ్లాలి. బత్తెరియె అనే ఇంకో దారిలో గొలుసులు పట్టుకుని దాటే రాళ్లున్నాయి, మీకు వద్దు.

బీచ్ గులకరాళ్లది. రబ్బరు చెప్పులు లేకుండా నీళ్లలో దిగలేరు.

పెస్టో_పట్టు:
"వెజిటేరియన్" అంటే సరిపోదు. "సెన్త్సా కార్నె, సెన్త్సా పెషె, సెన్త్సా అచ్చూగె, సెన్త్సా బ్రోదో" అనండి: మాంసం, చేప, ఆంకోవీ (చిన్న చేప), మాంసపు రసం నాలుగూ వద్దని. భయం లేకుండా తినగలిగింది ఫరినాటా: శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు. ట్రోఫియె పాస్తా పిండి, నీళ్లతోనే చేస్తారు, గుడ్డు ఉండదు. పన్సోతీ అనే లోపల కూరిన పాస్తాలో గుడ్డు ఉంటుంది. పెస్టో అనే పచ్చడిలో వేసే పార్మిజానో చీజ్ కోసం పాలను దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ అనే పదార్థంతో విరగ్గొడతారు. అది పట్టింపైతే బేసిల్ (ఇటలీ తులసి), వెల్లుల్లి, పైన్ గింజలు, నూనెతో ఇంట్లోనే నూరుకోండి. పక్క స్టేషన్ రెక్కో పేరున్న చీజ్ ఫొకాచా రొట్టెలో ఈస్ట్ ఉండదు, పల్చటి రెండు పొరల మధ్య మెత్తటి చీజ్. దానికీ రెనెట్ ప్రశ్న వర్తిస్తుంది.

మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా హోటళ్లలో వంటిళ్లు మూసేస్తారు, రాత్రి ఏడున్నరకు గానీ తెరవరు. బిల్లులో "కొపెర్తో" కనిపిస్తే మోసం కాదు, కూర్చున్నందుకు మనిషికింత.

నెమ్మది_నడక:
పై వీధి గుమ్మం సంగతి ఎవరూ చెప్పలేదు, ధన్యవాదాలు. రైలు టికెట్లు ముందే కొనాలా?

మెట్లలెక్క:
రీజనల్ రైళ్లకు (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగేవాటికి) అక్కర్లేదు, ధర ఎప్పుడైనా ఒకటే. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర కొట్టాలి, ఫోన్ టికెట్ అయితే చెక్-ఇన్ నొక్కాలి. మరిస్తే జరిమానా. సమ్మెలుంటాయి, ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కనీస రీజనల్ రైళ్లు నడపాలి. తిరుగు ప్రయాణం రోజున సమ్మె పడితే ఆ ఉదయపు వేళలోనే బయల్దేరండి.