ఏలియన్ ‘వచ్చాడా’, ‘వచ్చిందా’?

ప్రశ్న: టీనేజి పిల్లల కోసం రాసిన సైన్స్ ఫిక్షన్ ప్రేమకథల సిరీస్‌ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేటప్పుడు ‘ఏలియన్’కి ఏ మాట వాడితే బాగుంటుంది? పక్కింటి కుర్రాడు భూమ్మీద పుట్టినవాడు కాదని కథానాయికకి తెలిసే చోట ‘గ్రహాంతరవాసి’ అంటే సైన్సు పాఠంలా వినిపిస్తోంది.

జవాబు: గ్రహాంతరవాసి తప్పు మాటేం కాదండీ. దేశాంతరం అంటే మరో దేశం, గ్రహాంతరం అంటే మరో గ్రహం. ‘గ్రహాంతర యానం’లో మాత్రం గ్రహాల మధ్య అనే అర్థం వస్తుంది. ఇబ్బంది వేరే చోట ఉంది. ఏలియన్ అనే మాటకి మూలమైన లాటిన్ పదానికి ‘ఇతరులకు చెందిన’ అని అర్థం. చట్టంలో పౌరుడు కానివాడూ ఏలియనే. మన రాజ్యాంగం 22వ అధికరణంలో ‘ఎనిమీ ఏలియన్’ అంటే శత్రుదేశీయుడు. అందుకే ఇంగ్లీషులో ఆ అమ్మాయి ఆ మాట అన్నప్పుడు ‘నువ్వు మావాడివి కావు’ అనే పోటు కూడా ఉంటుంది. గ్రహాంతరవాసిలో ఊరు పేరే తప్ప ఆ పోటు లేదు. మనకి ఆ పని చేసే మాట ‘పరాయి’. కథనంలో పరగ్రహవాసి, పిల్లల మాటల్లో ఏలియన్, గొడవపడే చోట ‘పరాయివాడివి’ అని వాడితే మూడూ నప్పుతాయి. బహువచనం ఏలియన్లు, ‘ఏలియన్స్‌లు’ అని రెండుసార్లు చెయ్యొద్దు.

మరో జవాబు: నామవాచకం కన్నా క్రియ దగ్గరే ఎక్కువ అనువాదాలు దెబ్బతింటాయి. ఒక పేరాలో ‘ఏలియన్ వచ్చాడు’, కింద ‘ఏలియన్లు వచ్చాయి’ అని పడుతుంది. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివన్నీ మహత్తులని, అంటే ‘వచ్చాడు’ అనదగ్గవని, బాలవ్యాకరణం అనే తెలుగు వ్యాకరణ గ్రంథం చెప్పిన లెక్క. ఆ లెక్కన పరగ్రహపు కుర్రాడు నిక్షేపంగా మహత్తే. యక్షుడు వచ్చాడు, గంధర్వుడు వచ్చాడు అంటున్నాం కదా. దయ్యం మాత్రం ‘వచ్చింది’. కాబట్టి అసలు తేల్చుకోవాల్సింది ఏమిటంటే, మాట్లాడే పాత్రకి అతను గంధర్వుడిలా కనిపిస్తున్నాడా, దయ్యంలానా?

అనువాదం మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద ఎవరి నోట ఏ సర్వనామమో రాసి పెట్టుకోండి. ఏలియన్లని వేటాడే సైనికులు ‘మూడు దొరికాయి’ అంటారు. కథానాయిక ‘ముగ్గురూ దొరికిపోయారు’ అంటుంది. అంకె మారితే చాలు, ఎవరు ఎటువైపో పాఠకుడికి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రెండు చోట్లా ‘త్రీ’యే కాబట్టి మూలంలో ఈ తేడా కనపడదు, మనమే పట్టుకోవాలి.

నిజం బయటపడే ఘట్టంలో దీన్ని ఇలా వాడొచ్చు:

‘అతను కిటికీ దగ్గర నిలబడ్డాడు. చర్మం కింద వెలుగు పాకింది. ముఖం కరిగిపోయింది. అది నా వైపు తిరిగింది. నా పేరు పిలిచింది. ఆ గొంతు అతనిదే. అతను పిలిచాడు.’

‘భయమేసింది’ అని విడిగా రాయక్కర్లేదు.

ప్రశ్న: ఏలియన్ అమ్మాయి అయితే?

జవాబు: అక్కడ తెలుగు మీకే సాయం చేస్తుంది. ‘తలుపు తోసుకుని లోపలికి వచ్చింది’ అంటే వచ్చింది అమ్మాయో, ఏదైనా జీవమో తెలీదు. కర్త చెప్పకుండా రెండు పేజీలు నడపొచ్చు. కుర్రాడి విషయంలో ‘వచ్చాడు’ అనగానే గుట్టు పోతుంది. ఒక్క జాగ్రత్త: అమ్మాయిని ‘అది’ అంటే మనకి ఇంట్లో చనువు, బయటివాళ్ల నోట చులకన. జీవి అనే అర్థమే రావాలంటే ‘ఆ ప్రాణి’ అనడం మేలు.

మరో జవాబు: ఒంటి నిండా వెలుగు ఉన్న జాతిని ‘తేజోమూర్తులు’, ‘జ్యోతిస్వరూపులు’ అనకండి, హారతి పళ్లెం గుర్తొస్తుంది. ‘వెలుగుమనుషులు’ సరిపోతుంది.

ఇంకొకటి. ఇలాంటి సిరీస్‌లలో ఒక అధ్యాయం ఆమె, ఒకటి అతను చెప్పే పద్ధతి ఉంటుంది. హిందీలో అయితే క్రియని బట్టే చెప్పేది ఆడో మగో తెలుస్తుంది. మన ‘వెళ్లాను’లో తెలియదు. ప్రతి అధ్యాయం మీద పేరు వెయ్యండి, లేదా మొదటి మూడు వాక్యాల్లోపే ఎవరో ఒకరు ఆ పాత్రని ‘ఏరా’ అనో ‘ఏమే’ అనో పిలిచేలా చూడండి.